మోగని ఫోన్లు

పదకొండు కావస్తోంది. గదిలో ఉన్న ఆరు ఫోన్లలో ఒక్కటీ మోగలేదు.

"లైన్లు పోయాయేమో అక్కా. ఒకసారి నీ సెల్ నుంచి చేసి చూడు," అంది ఫోన్లు చూసుకునే అమ్మాయి.

మూల బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ చేసి చూసింది. ఫోను నిక్షేపంలా మోగింది.

పదేళ్లుగా ఆ కంపెనీ వాషింగ్ మిషన్లకు వాడకం పుస్తకాలు రాసి రాసి విసిగి, కంపెనీ వెబ్‌సైట్లో ఏ పేజీ ఎక్కడుండాలో తేల్చే పని తనకిమ్మని పట్టుబట్టింది ఆవిడ. ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్ట్ అంటారు ఆ ఉద్యోగాన్ని. మేనేజరు సరేనంటూనే మెలిక పెట్టాడు. "కొన్నవాళ్ల నుంచి రోజుకి రెండొందల ఫోన్లు వస్తున్నాయి. కొత్త సైటు పెట్టిన వారంలో సగానికి తగ్గించాలి. తగ్గకపోతే మీ పాత కుర్చీకి కూడా నేను హామీ ఇవ్వలేను." ఫోన్ల గదిలోనే మూలనున్న కుంటి బల్ల ఇచ్చి చక్కా పోయాడు.

ఒక్కో పేజీ పేరూ ఒక్కో కార్డు మీద రాసుకుంది. మూడొందల పన్నెండు కార్డులు. బల్ల నిండా పరిచి కుప్పలు పోసింది, చెరిపింది, మళ్లీ పోసింది. బల్ల ఊగుతూ ప్రాణం తీస్తుంటే చేతికందిన అట్టముక్క మడిచి కాలి కింద పెట్టి మరీ కానిచ్చింది.

సోమవారం కొత్త సైటు వచ్చింది. ఆ రోజు నలభై ఫోన్లు. మంగళవారం తొమ్మిది. ఇవాళ సున్నా. తగ్గాలని మొక్కుకున్న మనిషే, మరీ ఇంతలా తగ్గేసరికి బెంబేలెత్తిపోయింది.

సైటే పడిపోయిందేమోనని తెరిచి చూసింది. అదీ కాదు. నీళ్లు కారుతున్నా, తలుపు బిగుసుకున్నా, చప్పుడు చేస్తున్నా, దేనికైనా మూడు నొక్కుల్లో జవాబు దొరుకుతోంది.

"జనం వాళ్లంతట వాళ్లే చూసుకుంటున్నారక్కా. మొత్తానికి నా ఉద్యోగానికి ఎసరు పెట్టావు," అంది అమ్మాయి.

అంతలో మేనేజరు కాగితం పట్టుకుని వచ్చాడు. "ఈ గదిలో ఫ్యాను చప్పుడు వినబడటం ఇదే మొదటిసారి. ఇంక వారం దాకా ఆగడమెందుకు? ఇదిగో మీ ఆర్డరు."

ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది ఆవిడ. కళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేసింది.

"ఏవండీ, గట్టెక్కాను."

"చాలా సంతోషం. అన్నట్టు నిన్న వంటింటి అలమర సర్దావుగా, ఉప్పెక్కడ పెట్టావు? పొద్దుట్నుంచి వెతుకుతున్నా," అన్నాడు భర్త.

ఆవిడ నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతిలో వాషింగ్ మిషన్ పుస్తకం.

"రెండు రోజుల్నుంచి ఇల్లంతా నీళ్లేనమ్మా. సైట్లో చెప్పినవన్నీ చేశాను, ఆగలేదు. మీకు ఫోన్ చేద్దామంటే, నంబరు కోసం సైటు చూడండి అని ఇందులో రాశారు."

ఆ వాక్యం రాసింది ఆవిడే.

"చూశాను. సైటంతా గాలించాను. చివరికి పుస్తకం వెనక మీ చిరునామా ఉంటే రెండు బస్సులు మారి వచ్చాను. ఆ నంబరేదో ఎక్కడ పెట్టారమ్మా?"

ఆవిడ మేనేజరు వైపు చూడకుండా మెల్లగా వంగి, బల్ల కాలి కింది అట్టముక్క లాగింది. బల్ల ఒక పక్కకి ఒరిగింది. మడత విప్పితే, తన దస్తూరీలోనే ఉంది: 'మాకు ఫోన్ చెయ్యాలంటే.'