పిస్తోలు సూది

"లోపల తూటాను కొట్టే సూది ఉంటుందటగా నాయనా. అది తీసెయ్యి. ఆయనకి తెలియకూడదు."

హెడ్మాస్టారి భార్య కూరల సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. విప్పకుండానే లోపల ఏముందో మేస్త్రీకి అర్థమైంది. ఇరవై ఏళ్లుగా ఆ వీధి చివర తుపాకులు బాగుచేసే షాపు అతనిదే.

"లైసెన్సు మాస్టారి పేరున ఉంది. ఆయన లేకుండా నేను ముట్టుకోకూడదమ్మా."

"ఆయన పళ్ల డాక్టరు దగ్గరికెళ్లారు. గంటలో వచ్చేస్తారు, త్వరగా కానియ్."

"అసలెందుకు తీయించడం?"

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆదివారం మా అమ్మాయి వచ్చేస్తోంది, నాలుగేళ్ల మనవరాలితో. ఇక మా దగ్గరే ఉంటారు. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా ఉండదు. ఈయనకా, వెనక గుమ్మం దగ్గర చప్పుడైతే చాలు, చెయ్యి సొరుగులోకి పోతుంది. మూడేళ్ల కిందట కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతనికి గురిపెట్టారు. అతను గావుకేక పెట్టబట్టి సరిపోయింది. ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు. బుద్ధొచ్చిందనుకున్నాను. ఎక్కడా! మర్నాడే నీ దగ్గరికి తెచ్చి నూనె వేయించుకొచ్చారు. ఇంకా బాగా పేలాలని కాబోలు."

మేస్త్రీ చేతిలో ఉన్న ఆకురాయిని అటూ ఇటూ తిప్పాడు.

"మీ వైపు దొంగల భయం ఎక్కువైందంటున్నారు. ఇంట్లోవాళ్లు తమను తాము కాపాడుకోవద్దా అమ్మా? ఆ హక్కు ఉందనే కదా లైసెన్సిచ్చారు."

"పిల్లకి ఏమైనా అయితే ఆ హక్కు తిరిగి తెచ్చిస్తుందా?" ఆమె మూటను అతని వైపు జరిపింది. "పోయిన వారం ఏం జరిగిందో విన్నావా? పట్టపగలు పక్కింట్లోకి ఇద్దరు కత్తులతో దూరారు. ఆవిడ కేకలు విని వీధంతా తలుపులు బిడాయించుకుంది. ఈయనొక్కరే పిస్తోలు పట్టుకుని వెళ్లారు. ఎదురుగా నిలబడి గురిపెట్టారు. వాళ్లు కత్తులు పడేసి పరుగో పరుగు."

ఆకురాయి జారి కిందపడింది.

"దీంతోనా? ఈ పిస్తోలుతోనే వెళ్లారా?"

"ఇంకోటెక్కడుంది? అందరూ ఆయన్ని ఆకాశానికెత్తేశారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడింత ధైర్యం వచ్చాక ఆయన వేలు ఆగుతుందా?"

"సూది తీశాక మాస్టారు మళ్లీ అలాగే ఎదురెళ్తే? అవతలివాడు పారిపోకపోతే?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయనకేమైనా అయితే ఆ పాపం నాదే. తెలిసే అడుగుతున్నాను. తీసెయ్యి."

మేస్త్రీ మూట తీసుకుని తెర వెనక్కి వెళ్లాడు. పది నిమిషాల పాటు ఇనుము రాకుతున్న చప్పుడు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి మూట ఆమెకిచ్చాడు.

"ఇక పేలదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె సంచిని గుండెలకి హత్తుకుని గబగబా మెట్లు దిగింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, మేస్త్రీ మళ్లీ లోపలికి వెళ్లాడు. అంతసేపూ ఆకురాయితో రాకిన పాత మేకు ఇంకా వేడిగానే ఉంది. దాన్ని చెత్తబుట్టలో పడేసి, పై అరలోంచి ఒక రేకు డబ్బా దించాడు. అందులో పిస్తోలు సూది ఒకటి, దానికి చుట్టిన చీటీ ఒకటి ఉన్నాయి. చీటీ మీద మూడేళ్ల కిందటి తేదీ, హెడ్మాస్టారి గుండ్రటి చేతిరాత.

"సూది తీయించానని మా ఆవిడకి చెప్పకు, భయపడుతుంది."