తాడు రెండో కొస

సగం రిటైరైన పళ్ల డాక్టరూ, ఆయన భార్యా ఎండాకాలమంతా సముద్రం మీద తిరగాలని తెరచాప పడవను సిద్ధం చేసుకుంటున్నారు. చీకటి పడ్డాక గదిలోంచి పడవ పైకెళ్లేవాళ్లు నడుముకు తాడు కట్టుకోవాలి. రెండో కొస కింద గదిలో ఉన్నవాళ్ల మణికట్టుకు ఉండాలి. అది ఆవిడ పెట్టిన చట్టం.

"రెండుసార్లు లాగితే క్షేమం. మూడుసార్లు లాగితే కిందికి వస్తున్నానని!" ఆ రాత్రి ఆయన రేవంతా వినపడేలా అప్పజెప్పి మరీ పైకెళ్లాడు.

ఆవిడ సామాన్ల డబ్బాలు సర్దుతుంటే తాడు రెండుసార్లు గుంజింది. "తెలిసిందిలెండి, కెప్టెన్ గారూ" అని నవ్వుకుని తనూ రెండుసార్లు లాగింది. కాసేపటికి మళ్లీ గుంజింది. ఆవిడ మళ్లీ జవాబిచ్చింది.

అంతలో దూరంగా గట్టు మీంచి ఆయన కేక వినిపించింది. "ఏమోయ్, మంచినీళ్ల క్యాన్లు ఎన్ని తేనూ?"

"తాడుతో అంత దూరం ఎలా వెళ్లారండీ?"

"దిగేటప్పుడే విప్పేశానుగా! ఆ కొస నీళ్లలో పడింది, పైకి లాగేయ్."

ఆవిడ మణికట్టు దగ్గర ముడి విప్పబోయింది. గోళ్లు విరిగాయే తప్ప ముడి ఊడలేదు.

తాడు గుంజింది. మళ్లీ గుంజింది. అంతే, రెండే, రెండే అనుకుంది ఆవిడ.

మూడోసారి చాలా మెల్లగా గుంజింది.

పడవ తాడున్న పక్కకు ఒరిగింది.