గిరాకీ లేని మూట

"గిరాకీ అంటే ఏమిటి?" అని టీచర్ అడిగిందో లేదో, పదో తరగతి గదిలో చివరి బెంచీ నుంచి జవాబొచ్చింది.

"లంచ్ బెల్లుకి ముందు మావాడి టిఫిన్ బాక్సుకి ఉండేది టీచర్!"

"మరి సరఫరా?"

"లంచ్ అయ్యాక వాడికి మిగిలేది. ఖాళీ డబ్బా!"

క్లాసంతా గొల్లుమంది. టీచర్‌కీ నవ్వాగలేదు.

అర్థశాస్త్రం అనగానే ఆవులించే పిల్లల్ని దారిలో పెట్టడానికి ఆవిడ దగ్గర ఒక కథ ఉంది. ప్రతి ఏడూ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ముఖం వెలిగిపోతుంది.

"మా అమ్మ గుడ్డ బొమ్మలు కుట్టేది. మామూలు బొమ్మలే. కానీ వాటికి ఎంత గిరాకీ అంటే, పెద్ద షాపు మనిషి వారం వారం మా ఇంటికొచ్చి, కుట్టినవన్నీ మూటగట్టుకుని పోయేవాడు. ఒక్కటంటే ఒక్కటి వదిలేవాడు కాదు. బేరం కూడా ఆడేవాడు కాదు. ఎందుకు?"

"గిరాకీ ఎక్కువ, సరఫరా తక్కువ!"

"అదీ! జాలిపడి ఎవరూ కొనరు. కావాలనుకుంటేనే కొంటారు. నాకు ఉద్యోగం వచ్చేదాకా ఇల్లు గడిచిందంటే ఆ గిరాకీ చలవే. ఇప్పటికీ ఆ మాటెత్తితే మా అమ్మని పట్టలేం."

అప్పుడు చూసింది, గుమ్మంలో ఒక ముసలాయన్ని. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో ఏమో. బక్కపలచటి మనిషి, భుజం మీద గుడ్డ మూట.

"ఎవరు కావాలండీ?"

ఆయన ఆవిడ వంకే చూస్తూ మూట కిందికి దించాడు.

"టీచరమ్మ కోసమే వచ్చానమ్మా. ఇవి ఇద్దామని..."

"అమ్మకానికా?"

"కాదమ్మా. ఊరికే."

పాఠమే కాళ్ళొచ్చి గదిలోకి నడిచొచ్చినట్టు అనిపించింది టీచర్‌కి.

"రండి, లోపలికి రండి. పిల్లలూ, ఈయన ఊరికే ఇస్తారట! అంటే ధర సున్నా. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?"

"గిరాకీ లేదు!"

"ఏదీ, మూట విప్పండి. మా పిల్లలూ చూస్తారు."

ముసలాయన ముడి మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వద్దులేమ్మా. చూడాల్సినవేం కావు."

"చూశారా! ఇచ్చేవాళ్ళకే తమ సరుకు మీద నమ్మకం లేకపోతే, ఇక తీసుకునేదెవరు?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"బాగా చెబుతున్నావు తల్లీ," అని మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

టీచర్ బోర్డు వైపు తిరిగి, ఒక గీత పైకీ ఒక గీత కిందికీ గీసింది. ఆయన సంగతి అక్కడితో మరిచిపోయింది.

తర్వాతి వారం స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుంటే, అదే మూటతో ఒకావిడ వచ్చింది.

"మా ఇంట్లో అద్దెకుండే పెద్దాయన మొన్న పోయాడమ్మా. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఇవి నీకు చూపించొద్దనే అన్నాడు. పారేయడానికి నాకు చేతులు రాలేదు."

ఆవిడ మూట విప్పింది. గుడ్డ బొమ్మలు.

ఒక కన్ను కాస్త పైకి, ఒక కన్ను కాస్త కిందికి. ఎన్ని కుట్టినా అమ్మకి రెండు కళ్ళూ సమానంగా వచ్చేవి కావు. పైనున్న బొమ్మ గౌను చూడగానే టీచర్ చేతిలో పెన్ను జారిపోయింది. అది తన చిన్నప్పటి యూనిఫాం గుడ్డ.

"షాపు మామయ్యా!"

వారం వారం బొమ్మలు పట్టుకెళ్ళిన మనిషే ఆ రోజు గుమ్మంలోకొస్తే పోల్చుకోలేకపోయింది. పోల్చుకోకపోతే పోయె, పిల్లల ముందు నవ్వులపాలు చేసింది.

"గుర్తుగా కొన్ని దాచుకున్నారా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కొన్నేమిటమ్మా! గది నిండా ఇవే. పాపం, కాళ్ళు చాపుకోడానికి చోటుండేది కాదు."

"అదేంటి? ఇవన్నీ షాపులో అమ్ముడుపోయాయి కదా?"

ఇంటావిడ బొమ్మ కళ్ళ వైపు చూపించింది.

"మొదటి మూటే షాపువాళ్ళు వద్దన్నారట తల్లీ, కళ్ళు వంకరగా ఉన్నాయని. ఆయన ఆ షాపులో సామాన్లు దించే కూలి. తిరిగిచ్చేద్దామని మీ ఇంటికొస్తే, వాకిట్లో చదువుకుంటున్న నువ్వు 'మామయ్యా, మా అమ్మ బొమ్మలు నచ్చాయా?' అంటూ ఎదురొచ్చావట. లేదనడానికి నోరు రాలేదట."

టీచర్ బొమ్మని గుండెకి అదుముకుంది.

"మరి ఆ రోజు ఇక్కడిదాకా తెచ్చి..."

"తన తర్వాత ఇవి చెత్తపాలు కాకూడదని, ఇన్నేళ్ళయ్యింది కదా, ఇప్పుడు తెలిస్తే ఏం పోయిందిలే అనుకునే బయల్దేరాడు. తీరా వస్తే నువ్వు పిల్లలకి మీ అమ్మ గురించి అంత గొప్పగా చెబుతున్నావట. ముడి విప్పలేకపోయానన్నాడు."

"మరి వారం వారం మా అమ్మ చేతిలో డబ్బు పెట్టిందెవరు?"

"ఇంకెవరమ్మా? మీ అమ్మ బొమ్మలు కొన్నవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే."