ప్రీక్వెల్ వద్దన్న మెకానిక్

"నాశనం చేసి వదిలారు," అన్నాడు భర్త, థియేటర్ మెట్లు దిగుతూనే.

"ఏం నాశనమైంది? నాకు బాగా నచ్చింది," అంది భార్య, అతని వెనకే గబగబా దిగుతూ.

ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఆ అంతరిక్ష సినిమాలకు వీరాభిమానులే. అందులో తెల్లజుట్టు పిల్ల చేయి చాపితే చాలు, కూలిపోయిన ఓడలు గాల్లోకి లేస్తాయి. ఎందుకు లేస్తాయో ఇంతవరకు ఏ భాగంలోనూ చెప్పలేదు. ఇవాళ విడుదలైన ప్రీక్వెల్‌లో, అంటే మొదటి భాగానికి ముందు జరిగిన కథలో, చెప్పేశారు. ఆ గ్రహం నీళ్ళలో ఏదో ఖనిజం ఉందట. అది ఒంట్లోకి చేరితే శక్తి వస్తుందట.

"ఖనిజమట. టానిక్కు తాగితే బలమొచ్చినట్టు," అన్నాడు బస్సెక్కాక. అభిమానుల గ్రూపులో అప్పటికే రెండు పార్టీలు తయారయ్యాయి. అతను ఫోన్ చూపించాడు. "తర్వాతి భాగంలో ఆ నీళ్ళు సీసాల్లో పోసి అమ్ముతారేమోనని రాశాడొకడు."

"కారణం తెలిస్తే ఓడ లేవడం మానేసిందా?"

"నాకు మానేసింది."

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె గొంతు తగ్గించింది గానీ పట్టు వదల్లేదు. కొత్త కాపురం. ఇంతవరకు దేనిమీదా వాదించుకున్నది లేదు. ఇవాళ మాత్రం ఎలాగైనా అతనిచేత ఔననిపించాలి.

ఇంటికొచ్చాక కూడా ఆమెకు కాలు నిలవలేదు. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెట్టింది. పాలు పొయ్యిమీద పెట్టి కిటికీ దగ్గరికెళ్ళి, పొంగే వేళకు పరుగెత్తుకొచ్చింది.

"లిఫ్ట్ మెకానిక్‌వి. ఏదాగినా ఎందుకాగిందో తేలేదాకా నీకు నిద్ర పట్టదు. సినిమా దగ్గరికొచ్చేసరికి ఏమైంది మహానుభావా?"

"అది ఉద్యోగం. ఇది వేరు." అతను కాఫీ అందుకున్నాడు. "మన సంగతే చూడు. మీ ఆఫీసు లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగింది. లోపల నువ్వొక్కదానివే. నేనొచ్చి తలుపు తీశాను. మర్నాడు మోటారు దగ్గర్నుంచి వైర్లదాకా అంతా విప్పి చూశాను. ఒక్క లోపం దొరికితే ఒట్టు."

"దొరికుంటే?"

"మామూలు రిపేరయ్యేది. సంచి సర్దుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

"పోనీ, ఇప్పుడు దొరికితే?"

"ఇప్పుడెందుకు దొరకాలి? మనకు రాసిపెట్టి ఉందనేగా మా అమ్మ ఈ పెళ్ళికి ఒప్పుకుంది. కనిపించిన వాళ్ళందరికీ ఆ లిఫ్ట్ కథే చెబుతోంది. దానిక్కూడా ఓ ఖనిజం వెతికి పెట్టకు తల్లీ."

ఆమె అతని మొహంలోకి చూసింది. పంచదార దొంగిలించిన పిల్లాడిలా వెలిగిపోతోంది.

"సరే, నువ్వే గెలిచావు," అంది. "ప్రీక్వెల్ వద్దు."

"అలా రా దారికి." అతను ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

లిఫ్ట్ ఆగడానికి ముందు వారం సర్వీసింగుకొచ్చినప్పుడు చూసిన ఆ గ్రీజు చేతుల కుర్రాడు మళ్ళీ రావాలని, లిఫ్ట్‌ను ఆపే ఎర్ర బటన్ నొక్కి, అతని అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ మామూలుగా పెట్టేసింది తనేనని ఇవాళైనా చెప్పేద్దామనే అంతసేపూ వాదించింది ఆమె.