పేరు తీసేసిన వ్యాసం

“ఈ వాక్యం వినండి. మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి ఒక్క కామా అయినా పెట్టలేదు!”

ప్రొఫెసరు చేతిలోని కాగితాలు ఊపుతూ చదివాడు. హాల్లో నలభైమంది పరిశోధక విద్యార్థులు పగలబడి నవ్వారు. పత్రికలకి వ్యాసాలు ఎలా రాయాలో, ఎలా పంపాలో నేర్పే తరగతి అది. పొద్దున్నుంచీ ఆయన మంచి మాటలే చెప్పాడు. పత్రిక ఎలాంటిదో తెలుసుకుని పంపండి, ఒకే వ్యాసం రెండుచోట్లకి పంపకండి, ప్రతి వాక్యం చదవకుండా దేనిమీదా పేరు పెట్టుకోకండి అన్నాడు. భోజనాలయ్యాక అందరి కళ్లూ మూతలు పడుతుంటే, హుషారెక్కించడానికి సంచీలోంచి ఈ వ్యాసం బయటికి తీశాడు.

అభిప్రాయం చెప్పమని ఒక పత్రిక ఎడిటరు పంపిన వ్యాసం అది. అలా పంపేటప్పుడు రాసినవాళ్ల పేరు తీసేస్తారు. ఇంకా అచ్చుకాని వ్యాసాన్ని నలుగురిలో చదవకూడదని ఆయనకి తెలియక కాదు. నవ్వులు వినపడేసరికి నోరు ఆగలేదు.

“ఉప్పునీళ్లలో మేకులు తుప్పు పడతాయట. కనిపెట్టాడండీ మహానుభావుడు! పనికిరాదు, తిప్పి పంపెయ్యమని పొద్దున్నే రాసి పడేశాను.”

మళ్లీ నవ్వులు. ఆఖరి వరసలో ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. పన్నెండేళ్ల కిందట ఆయన దగ్గరే పరిశోధన చేసి, ఇప్పుడు అదే విభాగంలో పాఠాలు చెబుతున్న లెక్చరరమ్మ. ఆమె ముఖం కందిపోయింది. పుస్తకం మూసి, చప్పుడు కాకుండా బయటికి వెళ్లిపోయింది.

ప్రొఫెసరుకి అప్పుడు తట్టింది. విభాగంలో ఇప్పటికీ మేకులతో, తుప్పుతో కుస్తీ పడుతున్నది ఆమె ఒక్కతే. పై వారమే కమిటీ కూర్చుని ఆమె ఉద్యోగం ఉంచాలో ఊడబీకాలో తేల్చబోతోంది. ఒక్క వ్యాసం అచ్చయితే చాలు, గట్టెక్కుతుంది. దాన్నే తను నలభైమంది ముందు నవ్వులపాలు చేశాడు.

తరగతి ఎలా ముగించాడో ఆయనకే తెలీదు. తిన్నగా ప్రయోగశాలకి వెళ్లాడు. ఆమె గాజుసీసాలు కడుగుతోంది.

“అమ్మా, ఆ వ్యాసం... నువ్వు రాసిందా?”

ఆమె తల తిప్పలేదు. “నేను రాసిందేనండి.”

నిలబడ్డచోటే భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది ఆయనకి.

“పేరు లేదు కదమ్మా. నేనెలా గుర్తుపడతాను?”

“పేరు లేకపోయినా గుర్తుపడతారనుకున్నా సార్. అప్పట్లో మీ చేతికిచ్చినప్పుడు చాలా బావుందన్నారు.”

అని ఉంటాడు. ఎవరు ఏ కాగితాలు తెచ్చినా నాలుగు పేజీలు తిప్పి బావుందనెయ్యడం ఆయనకి అలవాటే.

“తప్పయిపోయిందమ్మా. ఎడిటరుతో మాట్లాడి నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటాను. చేతులారా నీ బతుకు పాడుచెయ్యలేను.”

“వద్దు సార్. దానివల్ల నాకు కొత్తగా పోయేదేం లేదు.”

ఆ మాట ఆయనకి ఇంకా గట్టిగా తగిలింది. మనసు విరిగిపోయి అలా అంటోంది పాపం అనుకున్నాడు.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాడు. ఎదురుగా గోడమీద అద్దాల చట్రంలో ఒక పాత పత్రిక ముఖచిత్రం, దానిమీద పెద్దక్షరాల్లో ఆయన పేరు. అందులో అచ్చయిన ఒక్క వ్యాసమే ఆయన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది. వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించే ఆ చట్రం వైపు ఇవాళ తలెత్తి చూడలేకపోయాడు. ఫోను తీశాడు.

“నేనే మీకు చేద్దామనుకుంటున్నా సార్,” అన్నాడు ఎడిటరు. గొంతులో ఏదో బెరుకు.

“నేను తొందరపడ్డానండీ. వ్యాసం మంచిదే. అచ్చు వేసెయ్యండి. నా మూలంగా ఒక ఆడపిల్ల ఉద్యోగం పోకూడదు.”

“ఆడపిల్లేంటి సార్? పంపినవాడు ఎవడో ప్రబుద్ధుడు. మా పాత సంచికలోంచి మక్కికి మక్కి దించేసి, శీర్షిక మార్చి మళ్లీ మాకే పంపాడు. వ్యాసంతోపాటు ఉత్తరం పెట్టాం, చూడలేదా?”

ప్రొఫెసరు కవరు తిరగేశాడు. ఉత్తరం పెట్టినచోటే, పెట్టిన మడతలోనే ఉంది.

“పాత సంచికా? ఎప్పటిది?”

“పన్నెండేళ్ల కిందటిది. ఇది కాపీ అవునో కాదో అసలు రచయితే చూసి తేలిస్తే బావుంటుందని పంపాం.”

“మరి ఆ రచయితకి పంపక నాకెందుకు పంపారండీ?”

ఎడిటరు గొంతు తగ్గించాడు.

“ఆ రచయిత మీరే కదా సార్!”