రోజుకో పేపరు

శ్రీనివాసులుకు కాలేజీ మీద ఎంత మోజంటే, అక్కడ ఏం చదవాలో తెలియకముందే కోటు కుట్టించుకున్నాడు.

కోటు చిలక్కొయ్యకు వేలాడుతోంది. దాని జేబులో కాలేజీ దరఖాస్తు ఉంది. దరఖాస్తు మీద తండ్రి సంతకం ఒక్కటే లేదు.

తండ్రి మునినారాయణప్పకు చిక్కపేటలో చీరల అంగడి. తెలుగూ కన్నడమూ కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు అక్షరం రాదు. సంతకం పెట్టడానికి ఆయనకు అభ్యంతరమేమీ ఉండేది కాదు, మధ్యలో నంజప్ప మేష్టరు తగలకపోతే. హైస్కూల్లో శ్రీనివాసులుకు చదువు చెప్పిన ఆ పెద్దమనిషి అంగడికి పంచెల చాపు కోసం వచ్చి, ఉన్న మాట అనేసి పోయాడు. మీవాడు ఇంగ్లీషు గడగడా చదువుతాడు, చదివిందేమిట్రా అంటే పైకప్పు చూస్తాడు, కాలేజీలో పుస్తకాలన్నీ ఇంగ్లీషే, చదివింది తలకెక్కకపోతే ఫీజు దండగ అన్నాడు. విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. రోజూ ఇంగ్లీషు పేపరు లోపల్లోపల చదవాలి, చదివింది తెలుగులో బయటికి చెప్పాలి.

దరఖాస్తుకు ఇంకా ఇరవై రోజుల గడువుంది. ఈ ఇరవై రోజులూ పేపరు చదివి చెప్పు, నాకు నమ్మకం కుదిరితే సంతకం పెడతానన్నాడు తండ్రి.

శ్రీనివాసులు లోలోపల గంతులేశాడు. ఇంగ్లీషు రాని మనిషి ఇంగ్లీషులో పరీక్ష పెడుతున్నాడు. ఇంతకన్నా అదృష్టం ఏ విద్యార్థికి పడుతుంది?

మరునాటి నుంచి పొద్దున కాఫీ కాగానే మునినారాయణప్ప అరుగు మీద కూర్చుని, సంచిలోంచి నాలుగు మడతల పేపరు తీసి కొడుక్కిచ్చేవాడు. యుద్ధం పుణ్యమా అని కాగితం కరువై, పేపర్లు నాలుగు పుటలకు చిక్కిపోయిన రోజులవి. ఆ నాలుగు పుటలూ శ్రీనివాసులు ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి సరిపోయేవి. అంచు మీదుగా వీధి చూసేవాడు. సైకిళ్ల మీద కాలేజీకి పోయే కుర్రాళ్లను చూసి నిట్టూర్చేవాడు. పది నిమిషాలయ్యాక పేపరు మడిచి, గొంతు సవరించుకుని, చదివింది చెప్పేవాడు.

చెప్పేదంతా ముందురోజు సాయంత్రం కాఫీ హోటల్లో విన్న కబుర్లే. చాలకపోతే సొంత సరుకు కలిపేవాడు.

మొదటిరోజు సముద్రంలో ఓడ ముంచాడు. రెండోరోజు బొంబాయి మిల్లుకు నిప్పు పెట్టాడు. నాలుగోరోజు నూలు మీద కంట్రోలు ఎత్తేశాడు. తండ్రి అన్నిటికీ “అట్లనా” అనేవాడు. ఓడలో ఎంతమంది ఉన్నారని అడిగితే, మూడు వందల పన్నెండు మందని రెప్ప వెయ్యకుండా చెప్పాడు. మూడు వందలంటే అనుమానం వస్తుంది, మీద పన్నెండు వేస్తే ఎవరూ మాట్లాడరు. ఈ సూక్ష్మం తెలిసిన తనకు కాలేజీలో ఎదురేముంది అనుకున్నాడు.

ఒకరోజు తండ్రి పేపర్లో ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు.

“ఈ మీసాల దొర ఎవురప్పా?”

“కొత్త జనరలు నాయనా. బర్మాకు పోతా ఉండాడు.”

వారం తిరిగాక మళ్లీ ఒక మీసాల దొర గురించి అడిగాడు. ఆయన మిల్లు యజమాని అనీ, మొన్ననే గుండె ఆగి పోయాడనీ శ్రీనివాసులు విచారంగా చెప్పాడు. మునినారాయణప్ప కూడా అయ్యో అన్నాడు. మీసాల దొరలంతా శ్రీనివాసులు కంటికి ఒకే అచ్చు.

పేపరు మాత్రం రానురాను గుడ్డలా మెత్తబడుతోంది. యుద్ధకాలం, నాసిరకం కాగితం అని సరిపెట్టుకున్నాడు.

తల్లి కమలమ్మకు వేరే బాధ. వంటింటి గూళ్లలో పరచడానికి ఒక పాత పేపరు ఇమ్మని మూడుసార్లు అడిగింది. ఇంకా దాంతో పని ఉండాదని మొగుడు సంచిలో పెట్టుకుని అంగడికి పోయేవాడు. చీరలు చుట్టివ్వడానికి కాబోలు, నాయన పిసినారితనం చావదు కదా అని శ్రీనివాసులు నవ్వుకున్నాడు.

ఇరవయ్యో రోజు కోటు తొడుక్కునే అరుగు మీదకు వచ్చాడు. ఆ పొద్దు విజృంభించాడు. పెనుకొండలో వాన కురిపించాడు, యుద్ధాన్ని సగం ముగించాడు, చక్కెర ధర దించాడు. పేపరు మడిచి చేత్తో పట్టుకునే, దరఖాస్తూ కలమూ తండ్రి ముందు పెట్టాడు.

మునినారాయణప్ప కలం మూత తీశాడు. దరఖాస్తు వంక కాసేపు చూశాడు.

“మన అంగట్లో పనికి కొత్తోడు వస్తే, పొద్దున చూపించిన చీరనే సాయంత్రమూ తీసి రేటు అడగతాను. రెండు రేట్లు చెప్పినాడా, వానికి చీర తెలీదని లెక్క.”

సంతకం పెట్టబోతూ కూడా ముసలాయన అంగడిని మరిచిపోలేడు పాపం అని శ్రీనివాసులు జాలిపడ్డాడు.

“అర్థమయిందా అప్పా?”

“అయింది నాయనా,” అని దరఖాస్తును ఇంకాస్త ముందుకు జరిపాడు.

మునినారాయణప్ప కలానికి మూత పెట్టేశాడు. కొడుకు చేతిలోని పేపరు తీసుకుని లోపలికి కేకేశాడు.

“ఏమే, గూట్లో పరిచేదానికి పేపరు అడిగితివే, ఇదో తీసుకో, ఇరవై దినాలుగా నీ కొడుకు చదివిందంతా ఈ ఒగ పేపరే.”