రెండు దెబ్బలు

మల్కాపురం పక్కనున్న ఆ చిన్న పవర్ హౌస్‌లో బాయిలర్ మండేది ఫర్నేసు ఆయిల్‌తో. చలికి ఆ నల్లటి నూనె నెయ్యిలా పేరుకుపోతుంది. ట్యాంకులోని గొట్టాల్లోకి ఆవిరి వదిలి వేడిచేస్తే గాని కదలదు. అది కదలకపోతే మంట ఆరిపోతుంది, కాన్పుల ఆసుపత్రి దాకా దీపాలన్నీ ఆరిపోతాయి.

డెబ్బైతొమ్మిది డిసెంబరులో ఒక రాత్రి, అబ్బులు ఆవిరి వాల్వు మీద చెయ్యి వేశాడు. ట్యాంకు లోపలినుంచి టంగు టంగుమని రెండు దెబ్బలు వినిపించాయి.

చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ట్యాంకు కడిగే రోజుల కోసం అక్కడి పనివాళ్లు పెట్టుకున్న గుర్తు అది. రెండు దెబ్బలంటే లోపల మనిషున్నాడు, ఆవిరి వదలొద్దని.

"ఖయ్యూం బావా, ట్యాంకులోకి ఎవుడైనా దిగాడేటి?"

పంపు దగ్గరున్న ఖయ్యూం నవ్వాడు. "నిండా నూనుంటే ఎవుడు దిగుతాడు? సాయంత్రం నానే సూసి మూత బిగించినాను. తొరగా తిప్పు, మంట సన్నబడిపోతంది."

అబ్బులు మళ్లీ వాల్వు పట్టుకున్నాడు. మళ్లీ రెండు దెబ్బలు.

ఈసారి ఖయ్యూం నవ్వలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది వాళ్లిద్దరే.

నెత్తిమీద బల్బు ఎర్రబడింది. కాన్పుల ఆసుపత్రి గుర్తొచ్చి అబ్బులు కళ్లు మూసుకున్నాడు, వాల్వు పూర్తిగా తిప్పేశాడు. ఆవిరి బుస్సుమంటూ లోపలికి పోయింది. లోపల ఒకటే బాదుడు. తర్వాత నిశ్శబ్దం. కాసేపటికి మంట లేచింది, బల్బు తెల్లగా వెలిగింది.

"సూసినావా, ఏటీ లేదు" అన్నాడు ఖయ్యూం.

అప్పుడు ట్యాంకు మూడుసార్లు మోగింది.

మూడు దెబ్బలంటే, బయటికొచ్చేశానని.